జప్తుసొమ్ము నెచ్చట నమ్మవలెను?

అప్పిచ్చినవాడు న్యాయస్థానమున గెలిచెను. అప్పుపడినవాని సామానులు జప్తయ్యెను. ఇక నవి వేలమునకు రావలెను. ఇంతవరకు వచ్చిన తరువాత మనము సామాన్యముగా ధరనుగూర్చియు, పాట పాడినవానిగూర్చియు ముచ్చటింతుము గాని, వేలము జరిగిన చోటునుగూర్చి యాలోచింపము. ఇంటి యరుగుమీదనా, కళ్లములోనా, సంతలోనా, కచ్చేరి వాకిటనా? చూపున కిది యల్పవిషయము. అయినను ఏడువందల యేబదియేండ్లకు పైగా శాసనకర్తలు దీనినిగూర్చి చట్టములు వ్రాసి, దిద్ది, కొట్టివేసి, మరల వ్రాయుచునే యున్నారు. అల్పవిషయమున కింత శ్రమ పడుదురా?

నాకు దీనియం దాసక్తి గలుగుటకు కారణము చట్టగ్రంథములు కావు. నేను నాలుగవ తరగతి చదువుచుండగా మా యూర నొక రైతు సహకారసంఘమునకు బాకీపడెను. ఒకనాటి యుదయమున బంట్రోతులు వచ్చి యాతని యింటి వీధితలుపులు రెండును ఊడదీసి, వానితోబాటు రెండు ఇత్తడి గుండిగలును మోయించుకొనిపోయి రచ్చబండమీద బెట్టిరి. బడికి బోవు పిల్లల మందరమును అచ్చటనే నిలిచిపోతిమి. ఆ తలుపులమీద ఉగాదినాడు పెట్టిన పసుపు బొట్లు ఇంకను చెదరలేదు. పాటకు బిలిచినవాడు మూడుమారులు బిలిచెను. ఊరివా రెవ్వరును నోరు మెదపలేదు. ఈ కథ తక్కినభాగము తరువాత జెప్పెదను. ఇప్పుడు ఇంగ్లండునకు బోవుదము. ఏలయనగా మన కోర్టులలోని జప్తుపద్ధతి చాలమట్టుకు అచ్చటినుండి వచ్చినదే.

ఇంగ్లండులో జిల్లాను 'షైరు' అనియు, రాజు తరపున దానిని జూచుకొను అధికారిని 'షైరు రీవు' అనియు బిలిచెడివారు. ఈ మాటయే కాలక్రమమున 'షెరీఫు' అయినది. అప్పు తీర్చనివానిపై న్యాయస్థానము తీర్పు చెప్పినపుడు షెరీఫు పేర నొక యాజ్ఞాపత్రము పోయెడిది. 'నీ యధికారసీమలోనున్న వాని సొత్తునుండి యింత సొమ్ము పుట్టింపుము' అని దాని తాత్పర్యము. 'నీ యధికారసీమలో' అను మాటను పాఠకులు గమనింపవలెను. షెరీఫు తన జిల్లా యెల్ల దాటి యొక కోడిపిల్లనైనను పట్టుకొనజాలడు, అమ్మనుజాలడు. అమ్మకపు స్థలమునకు చట్టము గీచిన మొదటి గీత యిదియే. దీనికి ముందే 1215 వ సంవత్సరపు మహాశాసనములో, బాకీకి సరిపోవు చరాస్తి యుండగా రాజభటులు భూమిని ముట్టరాదని యొక నిబంధన చేర్చబడియుండెను. భూమి కదలదు, దాని నమ్ముటకు చోటు వెదకనక్కరలేదు. కదలెడి సొమ్ముతోనే చిక్కంతయును.

ఆ చిక్కు కోర్టు తీర్పులకంటె ముందు, భూస్వామి శిస్తు బాకీకై కౌలుదారుని పశువులను దోలుకొనిపోవు జప్తులో కనబడును. ఈ జప్తునకు కోర్టు తీర్పుతో బనిలేదు. భూస్వామియే న్యాయమూర్తి, భూస్వామియే భటుడు. వాడు పశువులను జప్తుచేసి దూరపు జిల్లాలోని తన దొడ్డికి దోలించెనేని, వెదకుకొనుచు బోవుటకే రైతునకు వారములు పట్టును, విడిపించుకొనుట పిదపమాట. అందువలన 1267 లో మార్ల్‌బరో శాసనము జప్తుసొమ్మును జిల్లా దాటింపరాదని చెప్పెను. రాచబాటమీద గాని పదిమంది నడచు వీధిలో గాని సామాన్యులెవ్వరును జప్తు చేయరాదనియు నదే శాసనము నిషేధించెను. జిల్లాకూడ దూరమే యని తేలినపిమ్మట 1554 లో మరియొక చట్టము వచ్చెను. జప్తు చేసిన పశువులను 'హండ్రెడ్డు' అను చిన్న విభాగము దాటింపగూడదు. దాటింపక తప్పనిచో నదే జిల్లాలో మూడు మైళ్లలోపలనున్న బహిరంగమైన బందెలదొడ్డికే తోలవలెను. ఒక్క జప్తులోని పశువులను పలుచోట్ల విడదీసి బంధింపరాదు. దొడ్డికూలి నాలుగు పెన్నీలకు మించరాదు. ఈ నియమములలో నొక్కొక్కటి యొక్కొక్క దొంగయెత్తునకు ప్రత్యుత్తరమని చదివినవారికి దోచకమానదు. విడదీసి పలు దొడ్లలో బెట్టి, దొడ్డి దొడ్డికిని కూలి గుంజిన పెద్దమనుష్యు లుండబట్టియే గదా యట్టి నిషేధము పుట్టినది!

బహిరంగమైన దొడ్డియే యేల? ఆ కాలమున జప్తుసొమ్ము తాకట్టువంటిది, అమ్ముటకు వీలులేదు. బాకీ తీరువరకు పట్టియుంచుటయే. బహిరంగమైన దొడ్డిలో నున్న పశువునకు మేత వేయుట పశువుగలవాని పని; భూస్వామి తన సొంతకొట్టములో మూసిపెట్టెనా, మేతబరువు వానిదే. మన పల్లెలలో బందెలదొడ్డి చూచినవారికి ఈ సంగతి సులభముగా బోధపడును.

1689 లో పద్ధతి మారినది. ఐదు దినములలో బాకీ తీర్చి విడిపించుకొననిచో భూస్వామి జప్తుసొమ్మును అమ్ముకొనవచ్చునని పార్లమెంటు అనుమతించెను. అయితే షెరీఫుగాని యాతని యుపాధికారిగాని గ్రామపు కాన్‌స్టేబులుగాని యెదుటనుండవలెను. ఇద్దరు మనుష్యులు ప్రమాణము చేసి వెల కట్టవలెను. జప్తునోటీసును ఆ భూమిలోని ముఖ్యమైన యింటియందుగాని, అందరికి గనబడు చోటగాని యుంచవలెను. ఇదివరకు దాచుకొనుటకు చోటు కావలసియుండెను. ఇప్పుడు అమ్ముకొనుటకు చోటు కావలసివచ్చెను. 1737 నాటి చట్టము దానిని జూపెను: సామాను జప్తయిన యింటనే, ఆ పొలముననే యుంచి యచ్చటనే యమ్మవచ్చును. కొనదలచినవారు వచ్చి చూచుటకు, తీసికొనిపోవుటకు ఆ యింటిలోనికి రాకపోకలు చేయవచ్చును.

దీనివలన భూస్వామికి రవాణాఖర్చు తగ్గినమాట నిజము. సామాను దారిలో విరిగిపోవుటయు దప్పినది. కాని గృహస్థుని స్థితి యెట్టిది? తన నడవలోనికి, తన వంటయింటిలోనికి ముక్కుమొగ మెరుగనివారు వచ్చి, తన భార్య వండుకొను పాత్రలను తట్టి చూచుచు, పిల్లల మంచమును త్రిప్పి చూచుచు బేరములాడుదురు. శాసనకర్తలకు ఈ దృశ్యము కనబడుటకు నూటయేబదియేండ్లు పట్టినది. 1888 లో జప్తు చట్టమును సవరించినపుడు, కౌలుదారుడు వ్రాతమూలకముగా గోరినచో సామానును బహిరంగ వేలపుశాలకుగాని, వాడు చెప్పిన మరియొక తగిన చోటికిగాని తరలించి యచ్చటనే యమ్మవలెనని విధించిరి. తరలింపు ఖర్చును, దారిలో గలుగు నష్టమును కోరినవాడే భరింపవలెను. అనగా మానము దక్కించుకొనుటకు బండికూలి యిచ్చుకొమ్మని తాత్పర్యము! అయినను, చోటు నేర్పరచుటలో అప్పులవాని మాటకు విలువ నిచ్చుట చిన్నమార్పు కాదు. వాని కట్టుబట్టలును, పరుపులును, పనిముట్లును ఐదు పౌనుల విలువవరకు జప్తునకు లోబడవని గూడ ఆ చట్టమే చెప్పెను.

ఇచ్చట నొక ప్రక్కసంగతి. ఇంగ్లండులో 'బహిరంగ విపణి' యను న్యాయ ముండెడిది. సంతలో నందరియెదుట మంచి మనసుతో గొన్నవానికి, ఆ సొమ్ము దొంగసొత్తైనను, హక్కు కలిగెడిది. లండను నగరములో ప్రతి యంగడియు ఆదివారము తప్ప తక్కిన దినములలో నట్టి విపణియే. 1596 లో నొక వ్యాజ్యెము వచ్చినది. దొంగిలించిన వెండిపాత్రలను ఒక లేఖరి యంగడిలో నమ్మిరి. న్యాయమూర్తులు కొన్నవానికి హక్కు లేదనిరి. వెండి కొనదలచినవాడు కంసాలి యంగడికి బోవును; పోగొట్టుకొన్నవాడును అచ్చటనే వెదకును; లేఖరి యంగడిలో వెండిని వెదకువాడెవడు? చోటు బహిరంగమైనంత మాత్రమున చాలదు, ఆ వస్తువునకు దగిన చోటు గావలెను. ఈ న్యాయము 1994 నాటి చట్టముతో రద్దయినది గాని, దానిలోని యూహ జప్తువేలములకు చక్కగా సరిపోవును. ఎద్దుల నమ్ముటకు ఎద్దుల సంత, వరి నమ్ముటకు కళ్లము.

బహిరంగముగా గాక చాటున నమ్మిన నేమగునో ఇంగ్లండువారు బాగుగా నెరుగుదురు. షెరీఫు మనుష్యులు జప్తుసొమ్మును నలుగురిలో బెట్టక, వ్రాతమూలకముగా నొక్కనికే, తరచుగా అప్పిచ్చినవానికే, యొప్పగించెడివారు. ఇది మానుటకై 1883 నాటి దివాలా చట్టములో, ఇరువది పౌనులకు మించిన జప్తులయం దమ్మకము బహిరంగ వేలముననే జరుగవలెననియు, దానికి ముందు మూడుదినములు ప్రకటింపవలెననియు నిర్ణయించిరి.

షెరీఫు అమెరికాకు గూడ వలసపోయెను. ఇంగ్లండులో నాతని కొలువు రానురాను అలంకారప్రాయమై, 2004 లో తీర్పుల నమలుచేయు పని వేరు ఉద్యోగులకు బోయినది. అమెరికాలోనో, నేటికిని జిల్లా షెరీఫు జప్తు చేయును, వేలము వేయును. అచ్చటి న్యాయస్థానములు పందొమ్మిదవ శతాబ్ది తొలిపాదమునందే యొక సూత్రమును గట్టిపరచెను: సరకు పాటదారుల కన్నులయెదుట నుండవలెను. కొట్టములో నేమున్నదో చూడకయే గుత్తగా పాట పాడినచో, లోపలి సంగతి యెరిగినవాడు ఒక్కడే లాభపడును. తక్కినవారు భయపడి తక్కువ పాడుదురు. అప్పులవాని సొమ్ము సగమునకు బోవును, బాకీ మిగిలియే యుండును. టెక్సాసు నియమము ఈ విషయమున ముచ్చటైనది. చరాస్తిని జప్తయిన చోటనైనను, జిల్లా న్యాయస్థానపు వాకిటనైనను, వస్తుస్వభావమునుబట్టి కొనువారికి జూపుట కనుకూలమైన మరియొక చోటనైనను అమ్మవచ్చును. చూపదగిన వస్తువును చూపక యమ్మరాదు. కాలిఫోర్నియా చట్టమును, సొత్తు ఉన్న జిల్లాలోనే, ఉదయము 9 గంటలకును సాయంకాలము 5 గంటలకును నడుమ అమ్మకము జరుగవలెననియు, చేతితో నందీయదగిన వస్తువులు కోర్టు వేరుగా నాజ్ఞాపించిన గాని వచ్చినవారి దృష్టిపథమున నుండవలెననియు జెప్పుచున్నది. రాత్రివేళ దివిటీ వెలుగున నమ్మిన గుఱ్ఱము కుంటిదో కాదో యెవనికి దెలియును?

అయితే జప్తయిన చోటనే యమ్ముటలో చట్టము వ్రాసినవారు తలపని పర్యవసాన మొకటి యుండెను. ఆ చోట ఇరుగుపొరుగువా రుందురు. 1931 మొదలు అమెరికా మధ్యదేశములో ధాన్యము ధరలు పడిపోయి రైతులు కుప్పగూలిరి. నెబ్రాస్కాలోని మాడిసను జిల్లాలో నొక కమతముమీది పశువులను, పనిముట్లను బాకీకై వేలము వేసినపుడు చుట్టుపట్ల రైతులు గుంపుగా వచ్చి, ఒక్కొక్కదానికి ఐదు సెంట్లు, పది సెంట్లు పాడి, పైపాట పాడబోయినవారివంక గుడ్లురిమి చూచిరి. మొత్తము వసూలైనది ఐదు డాలర్ల చిల్లర. కొన్న సొమ్మంతయు కొన్నవారే యజమానునికి మరల నిచ్చివేసిరి. ఇట్టివి 'పెన్నీ వేలము'లని పేరొంది పలు రాష్ట్రములకు వ్యాపించెను. 1933 లో నెబ్రాస్కా, మినెసోటా మొదలగు రాష్ట్రములు ఋణవసూళ్లకు గడు వొసగు చట్టములు చేసెను. మినెసోటా చట్టమును 1934 లో అమెరికా అత్యున్నత న్యాయస్థానము సమర్థించెను. ఇది న్యాయమా యని యడుగువా రుందురు. బాకీ బాకీయే, దాని నెగవేయుట ధర్మమని నేను జెప్పను. కాని కరవుకాలమున నొక్కనాటి వేలములో వచ్చు ధర నిజమైన ధర యని వాదించువారు, ఐదు సెంట్ల ధరనుగూడ నిజమైన ధర యని యొప్పుకొనవలెను గదా!

ఐర్లండులో నింతకు నూరేండ్లముందే యీ సంగతి నెత్తుటితో వ్రాయబడియుండెను. కాథలిక్ రైతులు తమది గాని మతపు గురువులకు పదియవపాలు పన్ను కట్టవలసివచ్చెను. కట్టనివారి పశువులను జప్తుచేసి సంతలో బెట్టగా కొనువారు లేకపోయిరి. 1831 జూను 18 వ తేదిని న్యూటౌన్‌బారీలో నట్టి పశువుల వేలమునకై జనులు గుమిగూడగా సాయుధదళము కాల్పులు జరిపెను. పదిమందికి పైగా మరణించిరి. పశువుల ధరయెంత, ప్రాణముల ధరయెంత?

మన గుంటూరుసీమవారికి ఈ చరిత్ర క్రొత్తది కాదు. 1921–22 లో పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వమున పన్నులనిరాకరణము సాగినపుడు జప్తుచేసిన సొమ్మునకు పాట పాడువారు కరవైరి. 1928 లో వల్లభభాయి పటేలు నడపిన బర్డోలీ సత్యాగ్రహములో రైతులు జప్తునకు వెరచి గేదెలను రేయింబవళ్లు ఇండ్లలో బంధించి తలుపులు వేసికొనిరి. చిక్కిన గేదెల నా యూర నెవ్వరును కొనకపోగా, దూరమునుండి వచ్చిన కసాయివారికి చౌకగా నమ్మిరి. ఆనాడు చోటు మార్చుటలో అధికారుల యుద్దేశము హెచ్చు ధర గాదు. సిగ్గుపడు ఇరుగుపొరుగు లేని చోటు వెదకుటయే. 1267 నాటి శాసనము జిల్లా దాటింపరాదని యేల చెప్పెనో బర్డోలీ గేదెలను జూచిన వెంటనే తెలియును.

మదరాసునకు గూడ షెరీఫు ఉండెను. 1801 లో తెరువబడిన సుప్రీము కోర్టు ఆజ్ఞలను పట్టణములో నాతడే యమలుపరచెడివాడు. పల్లెలకు మాత్రము షెరీఫు రాలేదు, అమీను వచ్చెను. అమీను చేతిలోని వారంటునకు మూలము నేడు 1908 సంవత్సరపు సివిలు ప్రొసీజరు కోడు. అందలి 21 వ ఆర్డరులోని 74 వ నియమము నా మట్టుకు మిక్కిలి యింపైనది. చేనిమీదనున్న పంటను ఆ చేనియందుగాని దాని చెంతనుగాని యమ్మవలెను. కోసి కూర్చిన పంటను కళ్లమునొద్దనో, వామినొద్దనో యమ్మవలెను. ఎక్కువ ధర వచ్చునని తోచినచో జనులు కూడు సమీపస్థలమున నమ్మింపుమని కోర్టు ఆజ్ఞాపింపవచ్చును. ఇంకను వినుడు: వేలము వేయువానికి తగిన ధర రాలేదని తోచి, పంట గలవాడు వాయిదా గోరినచో అమ్మకమును మరునాటికిగాని, అచ్చట సంత జరుగుచున్న యెడల మరుసటి సంతరోజునకుగాని నిలుపవలెను. అయితే ఆ రెండవమారు ఎంత ధర వచ్చినను పాట ముగింపవలసినదే. ఒక్క సంతదినము గడువు! రైతు బ్రతుకున నదియే యొక్కొక్కప్పుడు పెద్ద సాయము. బాకీ వసూలుచేసికొనువాడు కోర్టు సెలవు లేనిదే తాను పాట పాడరాదు. వేలము నడపు ఉద్యోగి యెన్నడును పాడరాదు. ఈ రెండును లేకున్న తక్కిన నియమములెల్ల నీటిమీది వ్రాతలే.

ఆ కోడులోనే 60 వ సెక్షను అసలు అమ్మకమునకే రాని వస్తువులను జెప్పుచున్నది. ఋణస్థునకును, వాని భార్యాబిడ్డలకును అవసరమైన కట్టుబట్టలు, వంటపాత్రలు, మంచము పరుపులు, మతాచారముచే స్త్రీ విడువరాని యాభరణములు, పనివాని పనిముట్లు, రైతు జీవనమునకు కావలసిన నాగలి, పశువులు, విత్తనపు గింజలు, రైతు కాపురమున్న యిల్లు, దాని సామగ్రి. మంగళసూత్రము నేయమీనును అడుగజాలడని మన యిల్లాండ్రలో నెందరికి దెలియును? తెలియనందున భయపడి తామే తీసి యిచ్చివేసినవారి కథలు నేను విన్నాను.

మునుపు టముకు వేసి చాటించెడివారు. చరాస్తి వేలమునకు ప్రకటనానంతరము పదునైదు దినములు గడువుండెను. 1976 సవరణము దానిని ఏడుదినములకు తగ్గించెను. ఇంగ్లండులో భూస్వామి చేయు పాత జప్తుపద్ధతి 2007 నాటి చట్టముచే రద్దయి, 2014 నుండి క్రొత్తపద్ధతి వచ్చినది; ఇప్పుడు అంతర్జాలమునందు గూడ వేలము సాగుచున్నది. సామా నొక గిడ్డంగిలో నుండును, పాట పాడువాడు వేయి మైళ్లదూరమున నుండును, నడుమ ఛాయాచిత్రము. పాటదారులు పెరిగిరి, ధర పెరుగవచ్చును, అప్పులవాని వాకిట గుంపు చేరదు. 1888 లో బండికూలి యిచ్చుకొని సంపాదించిన మానము ఇప్పు డుచితముగా దొరకుచున్నదని సంతసింపవచ్చును. కాని ఛాయాచిత్రమును తట్టి చూచుటెట్లు? గుఱ్ఱపు కుంటితనము ఛాయాచిత్రమున గనబడునా? కన్నులయెదుట నుండవలెనను పాతసూత్రమునకు క్రొత్తయర్థము వ్రాయు పని న్యాయస్థానములకు మిగిలియున్నది.

ఇక మా యూరి తలుపుల సంగతి. మధ్యాహ్నమువరకు పాట సాగలేదు. తుదకు పొరుగూరినుండి వచ్చిన కలపవ్యాపారి యొకడు రెండు తలుపులను, గుండిగలను కలిపి యొక్క పాటగా, ఊరివారందరు నిట్టూర్చునంత తక్కువ ధరకు బాడుకొని బండికెత్తించెను. బాకీ చాలవరకు నటులనే నిలిచెను. రైతు కాపురమున్న యింటి సామగ్రిని జప్తుచేయరాదను సెక్షను చదివిననాడు నాకు మొట్టమొదట జ్ఞప్తికి వచ్చినవి ఆ తలుపులే. రచ్చబండకును ఆ యింటికిని నడుమ నూరు గజములుండును. పాట సాగినంతసేపు, ఆ యిల్లాలు వీధివాకిటికి అడ్డముగా గట్టిన పాతచీర గాలికి లేచుచు పడుచు మా యందరికిని గనబడుచునే యుండెను.